మామిడికి కవర్లు: ముందు లెక్క చూసుకోండి, తర్వాత కట్టండి

రాయికల్ దగ్గరి రైతన్న అడిగింది క్లుప్తంగా ఇదీ. నాలుగెకరాల మామిడి తోట, చాలావరకు బంగినపల్లి, కొన్ని దశేరి. చెట్ల వయసు పదిహేనేళ్లు దాటింది. నిరుడు మే నెలలో కోసిన కాయలో పురుగు వచ్చింది, తొక్క మీద నల్ల మచ్చలు. చల్‌గల్ మార్కెట్‌లో రేటు తగ్గించేశారు. వీడియోల్లో చెట్టు మీదే కవర్లు కట్టిన కాయలు పసుపు పూసినట్టు మెరుస్తుంటే చూశారు. ఏ కవర్ కొనాలి, ఎప్పుడు కట్టాలి, కడితే మందులు మానేయొచ్చా, ఖర్చు తిరిగొస్తుందా అని అడుగుతున్నారు. పక్కనే అరెకరం తైవాన్ జామ ఉంది, దానికీ ఇదే కవర్ పనికొస్తుందా అన్నది చివరి ప్రశ్న.

నాది హన్మకొండ వైపు. సొంత మామిడి తోట ఉంది, సీజన్‌లో చుట్టుపక్కల తోటలకు కవర్లు కట్టే జట్టును కూడా పంపుతుంటాను. కవర్లతో నాలుగు రూపాయలు మిగిలించుకున్నవాళ్లనూ చూశాను, కవర్ కట్టిన కాయను మామూలు కాయతో కలిపి అదే కుప్పలో అమ్ముకుని తల పట్టుకున్నవాళ్లనూ చూశాను. అందుకే ఖర్చు ప్రశ్నను ముందు తీసుకుంటాను. మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి.

అన్నా, తోట మీరే కోసి అమ్ముతున్నారా, గుత్తకు ఇస్తున్నారా? జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు చాలా తోటలు పూత మీదో పిందె మీదో గుత్తకు పోతాయి. గుత్తకు ఇచ్చే తోటలో మీ డబ్బుతో కవర్ కట్టడం అంటే గుత్తదారుకు బహుమానం ఇచ్చినట్టే. ఆయనతో ముందే మాట్లాడి, కవర్లు ఆయన తెచ్చుకునేలా, లేదా కవర్ కట్టిన కాయకు వేరే ధర ఇచ్చేలా కాగితం మీద రాసుకుంటే తప్ప ఆ పని పెట్టుకోకండి. సొంతంగా అమ్ముకునేవాళ్లయితే కింది లెక్క చూడండి.

పాత పద్ధతిలో 10 మీటర్ల ఎడంతో నాటిన తోటలో ఎకరానికి 40 చెట్లుంటాయి. నాలుగెకరాలకు 160. నేల మీద నిలబడో, చిన్న నిచ్చెన మీదో అందే కాయలు చెట్టుకు 150 అనుకుందాం. 24,000 కవర్లు కావాలి. రెండు పొరల కాగితం కవర్ రెండు రూపాయలు అనుకుందాం. సైజును బట్టి, మీరు కొనే సంఖ్యను బట్టి అటూ ఇటూ అవుతుంది. కూలీ 500 రూపాయలు, ఒక మనిషి రోజుకు 500 కవర్లు కడితే కాయకు ఒక రూపాయి. మొత్తం కాయకు మూడు రూపాయలు, తోటకు 72,000. బంగినపల్లి కిలోకు మూడు కాయలు తూగుతుందనుకుంటే కిలోకు 9 రూపాయలు. కట్టిన కాయల్లోనూ వందకు పది గాలికో, కట్టడంలో లోపానికో రాలతాయి. అది కూడా కలిపితే కిలోకు 10 రూపాయల ఖర్చు అని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు రాబడి వైపు. కవర్ లేకుండా 100 కిలోలు కోస్తే 20 కిలోలు పురుగుకీ మచ్చకీ పోయాయి, మిగతా 80 కిలోలు కిలో 30 చొప్పున అమ్మితే 2,400 వచ్చింది. కవర్ కట్టినప్పుడు 5 కిలోలే పోయాయి, 95 కిలోలు అదే 30 రూపాయలకు అమ్మారు. 2,850 వచ్చింది, అందులో కవర్ల ఖర్చు 1,000 తీసేస్తే 1,850. అంటే కాయ బాగుపడింది, రైతుకు 550 నష్టం. అదే 95 కిలోలు 45 రూపాయలకు అమ్మగలిగితే 4,275, ఖర్చు పోను 3,275. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే, మీ నిరుటి కాటా చీటీలు తీసి మీ అంకెలు వేసుకోండి. ఈ మాదిరి రేట్లలో తేలేది ఒకటే. కాయ నష్టం తగ్గినందువల్ల మాత్రమే కవర్ ఖర్చు రాదు. రేటులో తేడా రావాలి. ఆ తేడా ఇచ్చే కొనుగోలుదారు దొరికాకే కవర్లు కొనాలి.

ఆ కొనుగోలుదారు ఎవరు? యార్డులో కుప్ప పోసి వేలం పాడే చోట కవర్ కాయకు పెద్ద విలువ ఉండదు, వేరుగా గ్రేడు చేసి, ట్రేలలో పెట్టి తెస్తే కొంత ఉంటుంది. ఢిల్లీ, నాగపూర్ లారీలకు ఎక్కించే వ్యాపారుల్లో కొందరు మచ్చలేని కాయకు ఎక్కువ పైకం పెట్టి కొంటారు, వాళ్లతో ఫిబ్రవరిలోనే మాట్లాడాలి. సూపర్ మార్కెట్లకు సరఫరా చేసేవాళ్లు, ఎగుమతి వాళ్లు ఉన్నారు. కాయలో పురుగు పుట్టించే పండు ఈగ విషయంలో బయటి దేశాలు ఎంత కచ్చితంగా ఉంటాయంటే, ఐరోపా యూనియన్ 2014 మేలో మన దేశపు మామిడిని ఆ ఈగ కారణంగానే ఆపేసి, 2015లో గానీ మళ్లీ రానివ్వలేదు. ఇక చిన్న రైతుకు అన్నిటికన్నా దగ్గర దారి నేరుగా ఇళ్లకు అమ్మడం. కరీంనగర్, హన్మకొండ, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు ఐదు కిలోల పెట్టెలు ఆర్టీసీ కార్గోలో పంపుకునే రైతులు మన దగ్గర పెరుగుతున్నారు. వాళ్ల దగ్గర కొనే ఇల్లాలికి కార్బైడ్ పెట్టి మాగబెట్టలేదు, ఈ నెలన్నరలో మందు పడలేదు అన్న భరోసా కావాలి, పండు చూడ్డానికి బాగుండాలి. మందు పడలేదన్న భరోసా, అందం కవర్ ఇస్తుంది, కార్బైడ్ సంగతి మీ చేతిలో ఉంది.

మొదటి ఏడాది నాలుగెకరాలకీ కట్టొద్దు. ఒక ఎకరం చెట్లు, అదీ బంగినపల్లి, అదీ అందే కొమ్మలు. దశేరి కాయ చిన్నది, కిలోకు ఎక్కువ కాయలు తూగుతాయి, అంటే కిలోకు కవర్లు ఎక్కువ పడతాయి. నిరుడు దశేరికి ప్రత్యేకంగా ఎవరూ మంచి రేటు ఇవ్వకపోయి ఉంటే దాన్ని వదిలేయండి. హిమాయత్ చెట్లు ఏవైనా ఉంటే వాటికి ముందు కట్టండి. కాయ పెద్దది, ధర ఎక్కువ, అక్కడ మూడు రూపాయలు లెక్కలోకి రావు. తోతాపురి రసం ఫ్యాక్టరీకి పోయే కాయ అయితే కవర్ దండగ.

ఇప్పుడు అసలు విషయం. కవర్ ఏం చేస్తుంది, ఏం చేయదు.

మీ కాయలో వచ్చిన పురుగు పండు ఈగదే అయి ఉంటుంది. ఆడ ఈగ పక్వానికి వస్తున్న కాయ తొక్కను గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. బయటకు సూది పొడిచినంత చుక్క, ఒక్కోసారి దాని మీద రసం బొట్టు కనిపిస్తుంది, అంతే. రెండు రోజుల్లో గుడ్లు పగిలి పురుగులు గుజ్జు తింటాయి. కోసేటప్పుడు కాయ బాగానే ఉంటుంది, మాగబెట్టాక తెరిస్తే కుళ్లు. పురుగు పెరిగాక కాయ నుంచి బయటపడి మట్టిలో దూరి కోశస్థ దశకు పోతుంది, అక్కడి నుంచి కొత్త ఈగ లేస్తుంది. కవర్ చేసేదల్లా ఈగకీ తొక్కకీ మధ్య అడ్డం నిలబడటమే. అది బాగా చేస్తుంది. కానీ చెట్టు కింద రాలిన కాయలు అలాగే కుళ్లుతుంటే కవర్ లేని మీ మూడెకరాలకు ఈగల్ని మీరే పెంచుతున్నట్టు. రాలిన కాయ రోజు విడిచి రోజు ఏరి, లోతుగా గుంట తీసి పాతిపెట్టాలి, లేదా మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఎండలో పడేయాలి. మిథైల్ యూజినాల్ ఎరలు, అంటే వాసనతో ఈగల్ని లాగే డబ్బాలు, ఎకరానికి నాలుగైనా, కోతకు రెండు నెలల ముందే కట్టాలి. వాటిలో పడేవి పోతు ఈగలే. డబ్బా నిండా ఈగలు పడ్డాయని సంబరపడి మిగతా పని వదిలేస్తే ఆడ ఈగ తన పని తాను చేసుకుపోతుంది.

పొలం గట్టు మీదో ఇంటి పెరట్లోనో ఉన్న జామ కూడా ఈ ఈగకు ఇల్లే. మీ అరెకరం జామ మామిడి పక్కనే ఉందన్నారు కదా, అక్కడ రాలిన పండు ఏరకపోతే మామిడిలో ఎన్ని డబ్బాలు కట్టినా చాలదు.

నల్ల మచ్చల సంగతి మాత్రం కవర్ కట్టే ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే నల్ల మచ్చ పేరుతో మూడు వేర్వేరు జబ్బులున్నాయి. తడి గుడ్డతో రుద్దితే మచ్చ పోయిందంటే అది మసి. తేనెమంచు పురుగు వదిలిన జిగురు మీద పెరిగిన బూజు అది. దానికి పూత దశలో తేనెమంచు పురుగును అదుపు చేయాలి, కవర్ దశకు వచ్చాక చేసేది తక్కువ. మచ్చ కొంచెం లోపలికి దిగి, కాయ మాగేకొద్దీ పెద్దదవుతూ, తొడిమ నుంచి కిందికి కారినట్టు చారలుగా ఉంటే అది ఆంత్రాక్నోస్, మనం మచ్చ తెగులు అంటాం. దీని మోసం ఏమిటంటే, శిలీంధ్రం పిందె దశలోనే తొక్కలో దూరి ఊరుకుంటుంది, కాయ మాగేటప్పుడు లేస్తుంది. కవర్ కట్టేనాటికే లోపల ఉన్నదాన్ని కవర్ ఆపలేదు. కొత్తగా వాన చినుకులతో వచ్చేదాన్ని మాత్రమే ఆపుతుంది. మూడోది, మచ్చ ఉబ్బి, నక్షత్రంలా పగిలి, బంక కారుతుంటే అది బాక్టీరియా మచ్చ. గాలి వాన తర్వాత కాయ, ఆకు ఒకదానికొకటి ఒరుసుకుని వచ్చేది. దీనికి కవర్ బాగా పనిచేస్తుంది, ఒరిపిడి, వాన నీళ్లు రెండూ తగ్గుతాయి కాబట్టి.

ఇక తామర పురుగు గీసిన మంగు, అదే తొక్క మీద గోధుమ రంగు గరుకు పొర, అది పిందె గోళీ అంత ఉన్నప్పుడే పడిపోతుంది. టెంక పురుగు కూడా చిన్న కాయ మీదే గుడ్డు పెట్టి టెంకలోకి పోతుంది. ఈ రెంటికీ కవర్ వచ్చేసరికి ఆలస్యమే.

కాబట్టి మందులు మానేయొచ్చా అన్నదానికి నా జవాబు: పూతలో తేనెమంచు పురుగుకు, బూడిద తెగులుకు, పిందె మీద తామర పురుగుకు చేసే పిచికారీలు కవర్ వల్ల తగ్గవు. తగ్గేది చివరి నెలన్నర, రెండు నెలల పిచికారీలు. అయితే అవే అసలు తినేవాళ్ల నోటికి చేరే మందులు, అందుకే ఆ తగ్గుదల విలువైనది. ఏప్రిల్‌లో ఈగ కోసం వారం వారం కొట్టే తోటలు చూశాను. కవర్ కట్టిన కాయకు ఆ పని ఉండదు.

ఏ కవర్? బంగినపల్లికి బయట గోధుమ రంగు, లోపల నలుపు ఉండే రెండు పొరల కాగితం కవరే తీసుకోండి. లోపలి నలుపు వెలుతురును ఆపుతుంది. వెలుతురు లేకపోతే తొక్కలో ఆకుపచ్చ తగ్గిపోయి, కాయ చెట్టు మీదే లేత మీగడ రంగుకు తిరుగుతుంది, మాగితే ఎక్కడా పచ్చ చార లేకుండా నిండు పసుపు వస్తుంది. వీడియోల్లో మీరు చూసింది అదే. ఎర్ర బుగ్గ వచ్చే రకాలకు ఇది తిరగబడుతుంది, ఎరుపు రావడానికి ఎండ కావాలి. అలాంటి రకాలకు కోతకు కొన్ని రోజుల ముందు కవర్ తీయాలి. మీకు ఆ బాధ లేదు.

తెల్ల నాన్ వోవెన్ సంచులు వస్తున్నాయి, గుడ్డలా ఉంటాయి గానీ ప్లాస్టిక్ పీచువే. చినగవు, మళ్లీ వాడొచ్చు, ఈగను ఆపుతాయి. కానీ వెలుతురు లోపలికి పోతుంది కాబట్టి రంగులో కాగితం కవర్‌కు సాటి రావు. ఎండకు పాతబడితే పొడి పొడిగా రాలి, ఆ ప్లాస్టిక్ పీచు తోటలోనే పడుతుంది. మామిడికి ప్లాస్టిక్ కవర్ మాత్రం వద్దే వద్దు. మే నెలలో రామగుండం, జగిత్యాల వైపు 44, 45 డిగ్రీలు మామూలు సంగతి. ఆ ఎండలో ప్లాస్టిక్‌లో కాయ ఉడుకుతుంది, చెమ్మ పట్టి తొడిమ దగ్గర కుళ్లు మొదలవుతుంది.

పాత పేపర్ కట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. ఫిలిప్పీన్స్‌లో మామిడికి పాత వార్తాపత్రికలే కడతారు, ఎన్నో ఏళ్లుగా. పెరట్లో రెండు చెట్లుంటే రెండు పొరలుగా మడిచి కట్టుకోండి, తప్పేం లేదు. తోటకైతే ఒక్క గాలివానకు తడిసి జారిపోతుంది, కూలీ రెండుసార్లు పడుతుంది.

ఎప్పుడు కట్టాలి? తారీఖు చూసి కాదు, కాయను చూసి. పిందె బఠాణీ అంత, గోళీ అంత ఉన్నప్పుడు చెట్టు తనంతట తానే చాలా రాల్చేస్తుంది. ఆ రాలుడు అయిపోవాలి. కాయ పెద్ద నిమ్మకాయ దాటి కోడిగుడ్డు సైజుకు వచ్చినప్పుడు సరైన సమయం. మన వైపు పూత జనవరిలో నిలిచిన చెట్లకు అది మార్చిలో పడుతుంది. ఒకే తోటలో రెండు మూడు విడతల పూత వస్తుంది కాబట్టి కట్టడం కూడా రెండు విడతలు చేయాలి. ముందే కడితే రాలిపోయే కాయకు మూడు రూపాయలు పెట్టినట్టు. ఏప్రిల్ సగం దాటాక, కాయ భుజాలు నిండుతున్నప్పుడు కడితే ఈగ అప్పటికే గుచ్చి ఉంటుంది, అప్పుడు కవర్ లోపలే పురుగుకు కాపలా కాసినట్టవుతుంది.

కట్టడానికి ముందు మూడు పనులున్నాయి. గుత్తిలో నాలుగైదు కాయలుంటే ఒకటి, మహా అయితే రెండు ఉంచి మిగతావి కోసేయండి. వంకర కాయ, మంగు పట్టిన కాయ, ఇప్పటికే మచ్చ ఉన్న కాయ ముందు పోవాలి. ఇక్కడే రైతుకు చేయి ఆడదు. మార్చిలో పిందె కోయమంటే ప్రాణం పోయినట్టు ఉంటుంది. కోసింది పచ్చడికి పోతుంది, మిగిలింది బరువు తూగుతుంది. చెడ్డ కాయకు కట్టిన కవర్, మంచి కాయకు కట్టిన కవర్ ఒకే ధర. రెండోది, కాయ చుట్టూ మిగిలిన ఎండు పూత కాడలు విరిచేయాలి. అవి కవర్‌లో ఉండిపోతే తొక్కను గీస్తాయి, శిలీంధ్రానికీ ఆధారం. మూడోది, మచ్చ తెగులుకు ఒక పిచికారీ. కార్బండజిమ్ లీటరు నీటికి 1 గ్రాము మన దగ్గర అలవాటుగా కొట్టేది. ఎగుమతి వాళ్లకు ఇచ్చేట్టయితే వాళ్లు ఒప్పుకునే మందుల జాబితా ముందే అడిగి అందులోదే వాడాలి. పిచికారీ చేసిన మర్నాడో ఆ మర్నాడో, కాయ పూర్తిగా ఆరాక కట్టాలి. తడి కాయకు కవర్ కడితే బూజును పెంచినట్టే. పొద్దున మంచు ఆరేదాకా కూడా ఆగండి.

అన్నిటికన్నా ఎక్కువ చూడాల్సింది పిండినల్లి. కవర్ దానికి నీడ, వెచ్చదనం, శత్రువుల నుంచి రక్షణ అన్నీ ఇస్తుంది. నాలుగు నల్లులు లోపలుండగా కట్టేస్తే మే నెలలో కవర్ విప్పేసరికి కాయ దూది చుట్టినట్టుంటుంది. చీమలు కొమ్మ మీద వరుసగా పోతున్నాయంటే నల్లి ఉన్నట్టే, చీమలే దాన్ని కాస్తూ మోస్తాయి. ఆ చెట్టుకు ముందు నల్లి సంగతి చూసి, మొదలు చుట్టూ అడుగు వెడల్పు పాలిథీన్ పట్టీ కట్టి గ్రీజు పూసి, ఆ తర్వాతే కవర్. కింది కొమ్మలు నేలకో గడ్డికో తగులుతుంటే గ్రీజు పట్టీ దండగ, చీమ అటు నుంచి ఎక్కుతుంది.

కట్టే తీరు చేతితో చూపిస్తే రెండు నిమిషాల పని, రాతలో చెప్పడం కష్టం, అయినా ప్రయత్నిస్తాను. కవర్‌లోకి పిడికిలి పెట్టి ముందు ఉబ్బించాలి, అడుగు మూలల్లోని చిన్న రంధ్రాలు తెరుచుకున్నాయో చూడాలి. కాయను మధ్యలో వేలాడేలా లోపలికి తీసుకోవాలి, కవర్ గోడకు ఆనకూడదు. మూతిని రెండు వైపుల నుంచి మడతలు పెడుతూ తొడిమ కాడ దగ్గరికి తేవాలి, అంచులో ఉన్న సన్న తీగను ఆ మడతల మీద ఒక చుట్టు చుట్టి మెలేయాలి. తీగ కాడను కోసేంత బిగువు వద్దు, కాయ ఊగితే కవర్ జారేంత వదులూ వద్దు. ఆకు లోపల ఇరుక్కోకూడదు. మూతి మీద వేలు పెట్టి చూస్తే సందు ఉండకూడదు, చీమ, నీళ్లు రెండూ అక్కడి నుంచే దిగుతాయి. జట్టును పెట్టుకుంటే కవర్ లెక్కన కాకుండా రోజు కూలీకి పెట్టుకోండి. లెక్కన ఇస్తే సాయంత్రానికి సంఖ్య బాగా కనిపిస్తుంది, వారానికి సగం కవర్లు గడ్డిలో కనిపిస్తాయి. ఆడవాళ్ల చేయి ఈ పనికి నెమ్మదిగా, నేర్పుగా ఉంటుందని నా అనుభవం.

ఒక మాట రాళ్ల వాన గురించి. 2023 మార్చిలో, మళ్లీ ఏప్రిల్‌లో కరీంనగర్, వరంగల్ వైపు పడ్డ రాళ్ల వానలు మీకు గుర్తుండే ఉంటాయి. కవర్ అమ్మేవాళ్లు కొందరు రాళ్లను కూడా ఆపుతుందంటారు. కాగితం అది. చిన్న రాయి గీతను తప్పిస్తుంది, పెద్ద రాయి కవర్‌తో సహా కాయను దింపుతుంది. గాలిదుమారానికైతే కవర్ గాలిని పట్టుకుని కాయను ఇంకొంచెం ఎక్కువే ఊపుతుంది. పడమర గట్టున గాలిని అడ్డుకునే చెట్ల వరుస ఉన్న తోటల్లో కవర్ కాయ ఎక్కువ నిలుస్తుంది. వాన తర్వాత తడిసి కాయకు అతుక్కున్న కవర్లు కొన్ని విప్పి చూడండి. కాగితం ఆరిపోతే పర్వాలేదు, చినిగితే మార్చాలి.

కోత దగ్గర కొత్తగా కవర్ కట్టేవాళ్లకు జరిగే పొరపాటు ఒకటుంది. రోజూ రంగు చూసి కోసే అలవాటు మనది. కవర్‌లో కాయ పక్వానికి రాకముందే పసుపు తిరుగుతుంది. విప్పి చూసి, అయిపోయిందనుకుని కోసేస్తే పండు తీపి ఉండదు, ముడతలు పడుతుంది. నేరుగా ఇళ్లకు అమ్మే రైతుకు ఆ ఒక్క పెట్టెతో గిరాకీ పోతుంది. కాబట్టి రంగును పూర్తిగా మరచిపోండి. పిందె కట్టిన నాటి నుంచి బంగినపల్లికి సుమారు 100 నుంచి 110 రోజులు లెక్కపెట్టుకోండి. తొడిమ దగ్గర భుజాలు పైకి లేచి గుంట పడాలి. చెట్టుకు ఒకటి రెండు కాయలు కోసి బకెట్ నీళ్లలో వేయండి, మునిగితే తయారైనట్టు, తేలితే ఇంకా ఆగాలి. ఒకటి కోసి టెంక చుట్టూ గుజ్జు తెలుపు పోయి పసుపు తిరిగిందా చూడండి. ఏ రోజు ఏ వరుసకు కట్టారో ఆ వరుస చెట్టుకు రంగు దారం కట్టి పెట్టుకుంటే ఈ పని తేలికవుతుంది.

కవర్‌తోనే, చిక్కంతో, కొంచెం కాడ ఉంచి కోయండి. దులపడం, కింద పడేయడం అసలు కుదరదు. కవర్ కాయ తొక్క ఎండ చూడనిది, చిన్న గీత కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నీడలోకి తెచ్చి కవర్ విప్పి, కాడ తుంచి, కాయను తలకిందులుగా పెట్టి సొన కారనివ్వండి. సొన తొక్క మీద పడితే మాగాక నల్ల చార, మూడు రూపాయలు పెట్టి సాధించుకున్న రంగు అక్కడ పోతుంది. ట్రేలలో కాగితం పరిచి పెట్టండి. మాగబెట్టడానికి కార్బైడ్ చట్టరీత్యా నిషేధం, 2011 ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది. ఎథిలీన్ గ్యాసు 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద) దాకా అనుమతి. చిన్న రైతుకు గడ్డిలో మాగబెట్టడం ఇప్పటికీ మంచిదే, రెండు రోజులు ఎక్కువ పడుతుంది.

విప్పిన కవర్లు పారేయకండి. మచ్చ, నల్లి లేని కాయల నుంచి వచ్చినవి, తీగ బాగున్నవి వేరు చేసి ఒక రోజు ఎండలో ఆరబెట్టి, ఎలుకలకు అందకుండా కట్టలు కట్టి అటక మీద పెట్టండి. జాగ్రత్తగా కట్టిన తోటలో కొంత భాగం వచ్చే ఏడాదికి పనికొస్తుంది, రెండో ఏడాది లెక్క అక్కడ కాస్త తేలికవుతుంది. చినిగినవాటి తీగ తీసేసి ఇనుముకు వేయండి. తీగతో సహా పేడకుప్పలో వేస్తే పశువు నోట్లోకి పోతుంది.

చెట్ల ఎత్తు గురించి మీరు అడగలేదు గానీ అసలు ఇబ్బంది అదే. పదిహేనేళ్ల చెట్టు మీద సగం కాయలు చేతికి అందవు. కోత అయిపోగానే, జూన్ జూలైల్లో, నడిమి కొమ్మలు ఒకటి రెండు తీసి చెట్టు మధ్యకు ఎండ తగిలేలా చేయండి. కోసిన చోట బోర్డో పేస్టు (మైలతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. ఒకేసారి నెత్తి నరికేయకండి, రెండు మూడేళ్లలో కొంచెం కొంచెం దించండి. ఎండ తగిలితే మచ్చ తెగులు, తేనెమంచు పురుగు తగ్గుతాయి, మందు అందుతుంది, కవర్ కట్టే కూలీ తగ్గుతుంది. కవర్లకు డబ్బు లేని ఏడాది ఉన్నా ఈ పని మాత్రం ఆపకండి. సంగారెడ్డి ఫల పరిశోధన కేంద్రానికి గానీ, మహబూబాబాద్ జిల్లా మల్యాల కేంద్రానికి గానీ వెళ్తే కత్తిరింపు చేసిన చెట్లు చూపించమని అడగండి, చూస్తే అర్థమవుతుంది.

ఇక జామ. మామిడి కవర్ దానికి పనికిరాదు, పద్ధతే వేరు. తైవాన్ జామకు ముందు తెల్ల ఫోమ్ వల తొడిగి, దాని మీద పలుచటి ప్లాస్టిక్ కవర్ వేసి కాడ దగ్గర మూతి కట్టాలి. ఫోమ్ వల వల్ల ప్లాస్టిక్ కాయకు అంటుకోదు, ఒరిపిడి ఉండదు. కవర్ అడుగున రెండు మూలలు కత్తిరించాలి, లేకపోతే చెమ్మ నిలిచి అడుగు భాగం కుళ్లుతుంది. కాయ నిమ్మకాయ అంత ఉన్నప్పుడు, కింద పువ్వు ఎండు తునకలు తుడిచేసి కట్టాలి. కొమ్మకు ఒకటి రెండు కాయలే ఉంచండి. జామలో ఈగ దెబ్బ వానాకాలం కాపుకు ఎక్కువ, చలికాలం కాపుకు తక్కువ. అందుకే వానాకాలం కాపును వదిలేసి, చలికాలం కాపు వచ్చేలా నీళ్లు, కత్తిరింపు సర్దుకుంటే కవర్ ఖర్చులో చాలాభాగం మిగులుతుంది. మీది అరెకరమే కాబట్టి, ఇంటి మనుషులే కట్టుకోగలరు కాబట్టి, నిజానికి మామిడి కన్నా ముందు జామకే కవర్ గిట్టుతుంది. ఆ ఫోమ్, ప్లాస్టిక్ మాత్రం తోటలో కాల్చకండి. ఫోమ్ వలలు ఉతికి రెండు మూడు కాపులకు వాడుకోవచ్చు.

కవర్లు ఫిబ్రవరి మొదట్లోనే తెప్పించుకోండి. మార్చిలో అందరికీ ఒకేసారి కావాలి, అప్పుడు దొరికేది ఒక పొర సరుకు, అదీ ఎక్కువ ధరకు. ముందు వంద కవర్ల నమూనా అడగండి. ఒకటి నీళ్లలో అరగంట నానబెట్టి, పిండకుండా తీసి ఆరేయండి. అతుకు ఊడకపోతే, లోపలి నలుపు వేలికి అంటకపోతే ఆర్డర్ పెట్టండి. రాయితీ ఏ ఏడాదికా ఏడాది మారుతుంది, మండల ఉద్యాన అధికారిని జనవరిలోనే అడిగి దరఖాస్తు పెట్టి ఉంచండి, బిల్లు లేకుండా కొంటే రాయితీ ఉన్నా రాదు. చెట్టుకు అందే ఎత్తులో ఎన్ని కాయలుంటాయో, నిరుడు ఏ రేటుకు పోయిందో ఇక్కడ రాస్తే మీ తోటకు సరిపడా లెక్క వేసి చెబుతాను. మచ్చ ఉన్న కాయ ఫోటో కూడా పెట్టండి, తడి గుడ్డతో తుడవకముందు ఒకటి, తుడిచాక ఒకటి.